డాక్టర్ హైమావతి గారి శుక్రవారపు భయాలు

ఈ ఉదయం మా ఎదురింటివారు డాబా మీద ఇప్పపువ్వు ఎండబోశారు. పులుపూ తీపీ కలగలిసి కొంచెం మత్తుగా ఉండే ఆ వాసన కిటికీలోంచి నా గదిలోకి వచ్చింది. కిటికీ మూశాను, అయినా పోలేదు. ఇక రాయక తప్పదని తేల్చుకొని కూర్చున్నాను. రాయవలసిన అవసరం అంతకుముందే ఏర్పడింది. గత వర్షాకాలంలో డాక్టర్ హైమావతి గారు కాలధర్మం చెందినప్పుడు, జగదల్‌పూర్‌లో జరిగిన సంతాప సభలో మాట్లాడిన పెద్దలందరూ ఒకరి తరువాత ఒకరు ఆమెను భయమెరుగని శాస్త్రవేత్త అని కీర్తించారు. వారి ఉద్దేశం మంచిదే కాని వారు చెప్పిన విషయం తప్పు. ఆమె ప్రయోగశాలలో సూపరింటెండెంటుగా పనిచేసినవాడిని కనుక ఆ సంగతి నాకు తెలుసు. ఆమె వలె శ్రద్ధగా, వేళ తప్పకుండా, పదిమందిని కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ భయపడిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఒక మనిషిలోని ఉత్తమ గుణాన్ని ఆమెకు లేదని చెప్పి పొగడడం నాకు సమ్మతం కాదు. ఆమెను ఎన్నడూ చూడనివారికి ఆ గుణం ఎటువంటిదో తెలియజేయడానికే ఈ ప్రయత్నం.

హైమావతి గారు కిరండూల్‌లో పుట్టి పెరిగారు. ఆమె తండ్రిగారు ఇనుపగనిలో ఉద్యోగానికి శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి, టౌన్‌షిప్‌లో క్వార్టరు దొరికి, అక్కడే స్థిరపడిన మనిషి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో గోండీ, హల్బీ. ఈ నాలుగింటినీ ఆమె ఒకే వాక్యంలో వాడగలిగేది. ఆ అలవాటు నాకు చివరి వరకూ కంటగింపుగానే ఉండేది. వృక్షశాస్త్రంలో పెద్ద చదువులు పూర్తిచేసిన తరువాత నగరాలలో మంచి ఉద్యోగాలు పిలిచినా పోకుండా, ఆమె జగదల్‌పూర్ శివార్లలో ఒక చిన్న టిష్యూ కల్చర్ ప్రయోగశాలను నెలకొల్పింది. మొక్క నుంచి గోరంత ముక్క తీసి, సీసాలో పోషక పదార్థం మీద పెంచి, ఆ ముక్క నుంచి అచ్చం తల్లి మొక్క వంటి మొక్కలను ఎన్నైనా తయారుచేయడం అక్కడి పని. నేను కోంటలో కిరాణా వ్యాపారం చేసుకునే ఇంట పుట్టి, గురువుల వద్ద క్రమంగా తెలుగూ సంస్కృతమూ చదువుకొని, ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. నాకు మొక్కల గురించి ఏమీ తెలియదు. కార్యాలయాన్ని నడపడం తెలుసు. ఆమెకు అది తెలియదు. అందువల్లనే నన్ను పిలిపించింది.

మొదటి రోజు ఆమె నా అనుభవ పత్రాలను తెరవనైనా తెరవలేదు. చేతికి ఉన్న తొడుగులు తీస్తూ, “మీకు దేనికి భయం అండీ?” అని అడిగింది. అటువంటి ప్రశ్నను ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడిగి ఉండరు.

“పద్ధతి లేకపోవడానికి,” అన్నాను.

ఆమె గది చుట్టూ ఒకసారి చూసింది. కుర్చీల మీద సీసాలు, బీరువా మీద వడిలిన అరటి మొక్క, ఫైళ్ల మీద సగం తిన్న జామకాయ ఉన్నాయి. “అయితే మా దగ్గర మీకు రోజూ భయమే. రేపటి నుంచి వచ్చెయ్యండి,” అన్నది.

ఆ ప్రయోగశాలలో ఒక నియమం ఉండేది. ఏ కొత్త మొక్కా మా గేటు దాటి బయటికి పోవడానికి ముందు, శుక్రవారం సాయంత్రం పనివారందరూ చుట్టూ కూర్చోవాలి. వంతు వచ్చినవారు, ఆ మొక్క వల్ల కాని, అటువంటి విద్య వల్ల కాని ఏమి కీడు రాగలదో ఒక కథగా చెప్పాలి. ప్రమాదం ఉండవచ్చు, నష్టం కలుగవచ్చు అన్న మాటలు చెల్లవు. “ఎవరికి నష్టం? ఆయన పేరేంటి? ఆ పూట ఇంట్లో ఏం వండుకున్నారు?” అని ఆమె నిలదీసేది. కీడు ఒక గుమ్మం ముందుకు వచ్చి నిలబడి, ఒక మనిషిని పేరు పెట్టి పిలిచినప్పుడే అది ఆమె దృష్టిలో భయం. ఆ కథ విన్న తరువాతనే మొక్కలను బయటికి పంపే కాగితం మీద ఆమె సంతకం చేసేది. నేను దానిని వృథా కాలక్షేపమని తలచి, గది చివర కుర్చీలో బిగుసుకొని కూర్చునేవాడిని.

నేను విన్న మొదటి కథ ఆమె చెప్పినదే. “మన సంతలో కోడిపందెం ఆడే పుంజు ఒకటి ఉందనుకోండి. దానికి ఓటమన్నది లేదు. దాని ఆసామి ఒక ఈక పట్టుకొచ్చి నాకిచ్చాడు. అచ్చం అలాంటిదే ఇంకోటి చేసిచ్చాను. ఆయనంటే పడనివాడు కూడా చాటుగా వచ్చాడు, ఆయనకీ చేసిచ్చాను. ఆదివారం రెండింటినీ బరిలో దింపారు. కాళ్లకి కత్తులు కట్టారు. జనం గోల. పుంజులు మాత్రం ఒకదాన్నొకటి చూసుకుని, అద్దం ముందు పెళ్లికొడుకుల్లా మెడలు సర్దుకుని, కింద గింజలు ఏరుకోవడం మొదలెట్టాయి.”

సీసాలలోకి మొక్కల ముక్కలు ఎక్కించే పనిలో ఆరితేరిన ప్రమీల జగదల్‌పూర్ అమ్మాయి. ఇంట్లో హల్బీ మాట్లాడేది, మా దగ్గర తెలుగు పట్టుకున్నది. “మరి పందెం, మేడమ్?” అన్నది ఆత్రంగా.

“అదే కదా భయం! పందెం కట్టినవాళ్లకి పోరు కావాలి. పుంజులు కొట్టుకోకపోతే ఆసాములిద్దర్నీ బరిలోకి తోశారు. వాళ్లిద్దరూ ఒకలా లేరు, అందుకే బాగా కొట్టుకున్నారు.”

అందరూ విరగబడి నవ్వారు. నాకు సహించలేదు. “ఈకతో పుంజు పుట్టడం శాస్త్రమా, మేడమ్?” అన్నాను.

“ఇవాళ పుట్టదు. రేపు పుడితే మీరేం చేస్తారు? సైన్సు చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది సూపరింటెండెంట్ గారూ, అప్పుడు కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు. కథ అయితే ముందే వస్తుంది, టీ కూడా తాగనిస్తుంది. మీ టీ చల్లారిపోతోంది.”

మరొక శుక్రవారం ప్రమీల చెప్పిన కథ నన్ను మొదటిసారి కుర్చీలో కదిలించింది. చనిపోయిన భర్తను తిరిగి కావాలనుకున్న ఒక ఇల్లాలి కథ అది. “డాక్టర్ ఇస్తాడు మేడమ్, కానీ పెద్ద మనిషిని ఇవ్వడు కదా. పసిబిడ్డను ఇస్తాడు. అచ్చం భర్తే, కానీ ఉగ్గు తాగుతాడు. ఆమే లాల పోయాలి, ఆమే బడికి పంపాలి. వాడు ఆమెను అమ్మా అంటాడు.” అందరమూ నవ్వుతూనే ఉన్నాము. “ఇరవై ఏళ్లొచ్చాక వాడు ఇంకో పిల్లను తెచ్చి, అమ్మా, ఈమెను చేసుకుంటా అంటాడు. ఆమె ఏం చెప్పాలి, సర్ జీ?” అని నావైపు తిరిగింది. నేను ఆ రాత్రి భోజనం చేస్తూ కూడా ఆ ఇల్లాలికి ఏమి సలహా ఇవ్వాలా అని ఆలోచించాను. లేని మనిషి కోసం అంతసేపు ఆలోచించడం నా జీవితంలో అదే మొదలు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. తోంగ్‌పాల్ దాటి కోంట వైపు పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఉన్న ఒక దోర్ల గిరిజనుల గ్రామం నుంచి ఎర్రయ్య అనే రైతు మా వద్దకు వచ్చాడు. అతని చేనులో ఒక ముసలి ఇప్పచెట్టు ఉన్నది. దాని పువ్వు లావు, తీపి ఎక్కువ, సంతలో దానికి పేరు. కాని చెట్టు అతనిది కాదు, అన్న ముత్తయ్యది. ఈ ప్రాంతాలను ఎరుగనివారికి ఇది వింతగా తోచవచ్చు. ఇక్కడ నేల ఒకరిది, ఆ నేలలోని ఇప్పచెట్టు మరొకరిది కావడం సర్వసాధారణం. చెట్టు ఎవరి చేనులో ఉన్నా దాని కింద ఊడ్చేదీ, రాలిన పువ్వు ఏరుకునేదీ చెట్టు గలవారే. తండ్రి చేను చిన్నవాడికిచ్చి, చెట్టు పెద్దవాడికిచ్చాడు. ఏటా పువ్వు రాలే రోజులలో ఎర్రయ్య భార్యాబిడ్డలు తమ చేనులోనే పక్కకు జరిగి నడిచేవారు.

“మా నాయిన చెట్టు అసొంటిదే నాకొకటి చేసియ్యి డాక్టరమ్మా. గింజ పెడితే అట్ల రాలే. మూడు మార్లు పెట్టిన, మూడిటికీ పువ్వు చప్పగనే,” అన్నాడు ఎర్రయ్య.

ముత్తయ్యను అడిగితే, “కోసుకోండి రెండు కొమ్మలు, దానికేం బోద్ది? తమ్ముడే గదా,” అని ఉదారంగా ఒప్పుకున్నాడు.

ముదిరిన ఇప్పచెట్టు నుంచి సీసాలో మొక్కను తీయడం హైమావతి గారి చిరకాలపు కోరిక. అది సులభమైన పని కాదు. కోసిన ముక్క పాలు కార్చి, ఆ స్రావంతోనే సీసా అంతా నల్లబడి చచ్చిపోయేది. నల్లబడిన సీసాలను పారబోసిన ప్రతిసారీ ఆమె “ఇదింకా ముత్తయ్య మాటే వింటోంది, తమ్ముడి చేనుకి రానంటోంది,” అని నవ్వి, మళ్లీ మొదలుపెట్టేది. రెండు ఇప్పపూల కాలాలు గడిచిన తరువాత, ఒక సీసాలో పచ్చని చిగురు నిలిచింది. వేరు పట్టడానికి మరికొంత కాలం పట్టింది. నీడ వలల కింద నల్లని సంచిలో ఆ మొక్క మోకాలెత్తు పెరిగిన రోజున ఆమె అందరికీ జిలేబీలు తెప్పించింది. శనివారం ఎర్రయ్యకు మొక్కను అందించడానికి జీపు సిద్ధం చేయించాము. శుక్రవారపు కథ ఒక్కటే మిగిలింది.

“అరే సర్ జీ, ఈసారి మీ నంబర్!” అన్నది ప్రమీల. తప్పించుకునే మార్గం లేకపోయింది.

నేను లేచి నిలబడి, కార్యాలయ నివేదిక చదివినట్లే ప్రారంభించాను. “ప్రథమ పక్షం ముత్తయ్య మనుమడు. ద్వితీయ పక్షం ఎర్రయ్య మనుమడు. ఈ మొక్క పెరిగి చెట్టయి, పువ్వు రాల్చుచున్న కాలం. ప్రథమ పక్షం బుట్టతో వచ్చి, ఇది మా తాత చెట్టు, గింజతో పుట్టినది కాదు, మా చెట్టు శరీరమే, కనుక పువ్వు మాది అనును. ద్వితీయ పక్షం, ఇది ఆ చెట్టుకు బిడ్డ, మా నేలలో పెరిగినది, కనుక మాది అనును. ఇద్దరూ మన కార్యాలయానికి వచ్చి, అమ్మా, అది అదే చెట్టా, దాని బిడ్డా అని అడుగుదురు. మనమేమి రాసి ఇవ్వవలెను?” నేను కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. హైమావతి గారు కలం తెరిచి కాగితం మీదికి వంగారు. సంతకం చేయకుండానే కలం మూశారు.

“దీనికి జవాబు నా సీసాలో లేదు. రేపు మొక్క ఇవ్వడానికి కాదు, అడగడానికి వెళ్దాం. ఇద్దరూ బతికి ఉండగానే అడుగుదాం,” అన్నది.

మరునాడు ముత్తయ్య ఇంటి ముందు మంచాల మీద కూర్చున్నాము. సంచి మొక్క మధ్యలో ఉన్నది. ఎర్రయ్య దానిని చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తున్నది, కన్నబిడ్డను మొదటిసారి చూపినప్పుడు తండ్రి చూసే చూపు. హైమావతి గారు ఉన్నదున్నట్లు అడిగారు. “ముత్తయ్యా, ఇది నీ చెట్టేనా, నీ చెట్టుకు పుట్టిన పిల్లా?”

“ఏంది డాక్టరమ్మా, చేసింది నువ్వు, అడిగేది మమ్మల్నా?” అని ముత్తయ్య నవ్వాడు.

“గింజ పెట్టలేదు. నీ చెట్టు మొగ్గే ఇలా పెరిగింది.”

“గింజ లేదా? అయితే నా చెట్టే. కొమ్మ నాదైనప్పుడు చెట్టు నాది గాదా? యాడున్నా నాదే.”

ఎర్రయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. “మరి నాకెందుకు ఇది? నా చేన్ల నీ చెట్టు ఒకటుంటే సాలదా? రెండోది పెట్టి, నీళ్లు నేను పొయ్యాల్నా, పువ్వు నువ్వు ఏరాల్నా?”

“నీకు పువ్వు ఎప్పుడన్న ఇయ్యనన్ననారా?”

“ఇచ్చుడు వేరు, నాది అనుడు వేరు! ఏటేటా నీ చేతికెల్లి తీసుకునుడు నాకు సాలు. తీస్కపోండి డాక్టరమ్మా, నాకీ మొక్క వద్దు!” అని అతను లేచి నిలబడ్డాడు.

ఇరుగుపొరుగువారు గుమిగూడారు. ప్రమీల నా చెవిలో, “సర్ జీ, మీ కథ గడబడ్ చేసేసింది,” అన్నది. నాకూ అదే అనిపించింది. అడగకుండా ఇచ్చి ఉంటే, ఈ అన్నదమ్ములు బతికినంతకాలం సుఖంగా ఉండేవారు కదా అనుకున్నాను. హైమావతి గారి ఇన్నేళ్ల శ్రమ సంచిలో ఉన్నది, దానిని పెట్టుకోవడానికి ఒక్క గజం నేల లేకుండా పోయింది. అయినా ఆమె లేవలేదు. మంచం మీద కొంచెం ముందుకు జరిగి, ఏమీ తెలియని విద్యార్థిని వలె అడిగింది. “ముత్తయ్యా, ఆ పెద్దచెట్టు నీదెలా అయింది?”

“మా నాయినిచ్చిండు.”

“ఎలా ఇచ్చాడు? కాగితం రాశాడా?”

“కాగితమా!” అని ముత్తయ్య వెక్కిరింపుగా నావైపు చూశాడు. “ఊరోళ్లను పిలిచిండు. నా చెయ్యి పట్టుకొని చెట్టు మీద పెట్టి, ఇగ ఇది నీదిరా అన్నడు. అంతదాకా అది ఆయనదే. ఆయన నా చెయ్యి పెట్టినంకనే...” అతను అక్కడ ఆగిపోయాడు.

గుమ్మంలో చేట పట్టుకొని నిలబడి ఉన్న అతని భార్య బుచ్చక్క ఆ మాటను ఊరికే పోనివ్వలేదు. “ఆగినవేంది? చెప్పు. మరి ఈ మొక్క మీద నీ చెయ్యి ఎవలు పెట్టిండ్రు?”

ముత్తయ్య భార్య వైపు కోపంగా చూశాడు. మొక్క వైపు చూశాడు. తల గోక్కున్నాడు. “ఒరే ఎర్రిగా, ఇటు రా,” అన్నాడు.

“నేను రాను.”

“నాయిన లేడు, ఇంటికి పెద్దోణ్ణి నేను. రారా అంటే!”

ఎర్రయ్య వచ్చాడు. పెద్దచెట్టయితే నిలబడి చేయి పెట్టవచ్చు. ఇది మోకాలెత్తు మొక్క. వయసు మళ్లిన అన్నదమ్ములిద్దరూ మోకాళ్లు పట్టుకొని, మూలుగుతూ, సంచికి అటూ ఇటూ గొంతుక్కూర్చున్నారు. ముత్తయ్య తమ్ముడి చేయి పట్టుకొని, వేలంత కూడా లేని ఆ కాండానికి ఆనించాడు.

“మెల్లగ పట్టు, ఇరగ్గొడతవు,” అన్నాడు ఎర్రయ్య.

“ఇరిగితే డాక్టరమ్మ ఇంకోటి చేత్తది.”

“అట్ల నడవది! ఇంకోటికి ఇంకోసారి కూసోవాలె,” అన్నది బుచ్చక్క. ఊరంతా గొల్లుమన్నది. ఆ నవ్వుల మధ్యనే ముత్తయ్య, గొంతు సవరించుకొని, తండ్రి అన్న మాటే అన్నాడు: “ఇగ ఇది నీదిరా.” ఎర్రయ్య పైకి లేవలేకపోయాడు. మోకాళ్ల నొప్పి అన్నాడు. నేను చేయందించి లేపగానే సంచిని తానే ఎత్తుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో హైమావతి గారు జీపులోంచి వెనక్కి తిరిగి ఆ ఊరి వైపు చూశారు. తరువాత, “అది అదే చెట్టా, వేరే చెట్టా అని నేను ఇన్నేళ్లుగా పుస్తకాల్లో వెతుక్కుంటున్నానండీ. వాళ్లకి ఆ గొడవే లేదు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని ఇచ్చారో తెలిస్తే చాలట,” అన్నది. ఇంకొంచెం దూరం పోయాక నావైపు తిరిగి, “మీ భయం చాలా బాగుంది. ఆ ప్రథమ పక్షం, ద్వితీయ పక్షం మాత్రం తీసేయండి. పాపం ఆ మనవళ్లకి మంచి పేర్లు పెట్టకూడదూ?” అన్నది. నా ఉద్యోగ జీవితంలో నాకు లభించిన ప్రశంసలలో అదే పెద్దదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ వార్త పట్టణానికి చేరి, ఒక వ్యాపారి మా వద్దకు వచ్చాడు. ఎకరాలకు ఎకరాలు అదే ఇప్పచెట్టు కావాలన్నాడు. ఆ మాటతో మా ప్రయోగశాల దశ తిరిగి ఉండేది. ఆమె అతనికి టీ ఇచ్చి, “నాకేం అభ్యంతరం లేదండీ. ముత్తయ్య గారు ఒక్కో మొక్క దగ్గరా కూర్చుని చెయ్యి పెట్టించాలి. ఆయన మోకాళ్లు ఒప్పుకుంటే చెప్పండి,” అన్నది. వ్యాపారి హాస్యమనుకొని నవ్వాడు. ఆమె నవ్వలేదు. మిగిలిన సీసాలు ప్రయోగశాల దాటి పోలేదు.

ఇప్పుడు నా వయసువారు పత్రికలలో చదివి గుండెలు బాదుకునే వార్తలు అన్నీ ఇన్నీ కావు. అంతరించిన జంతువును మళ్లీ పుట్టిస్తారట, పంది మూత్రపిండాన్ని మనిషికి అమరుస్తారట, తల్లి గర్భంలోకి పోకముందే బిడ్డ లక్షణాలను దిద్దుతారట. నా మిత్రులు కలికాలమంటారు, వారి పిల్లలు అద్భుతమంటారు. ఆ రెండు మాటలూ ఇప్పుడు నాకు చాలవు. ఎవరికి జరుగుతుంది, ఆ మనిషి పేరేమిటి, దానిని ఎవరు ఎవరి చేతిలో పెడుతున్నారు అని అడుగుతాను. వారు తెల్లబోతారు. అప్పుడు నేనే ఒక కథ కల్పించి చెబుతాను. కల్పన అంటే అసత్యమని పదిమందికి బోధించిన నేను, ఈ వయసులో సాయంత్రాలు కూర్చుని, లేని మనుషులకు పేర్లు పెడుతున్నాను. భయం ముగిసేసరికి టీ తాగి, నవ్వి, ఎవరి పనికి వారు పోతున్నాము. భయపడినవారు పనిని ఆపనక్కరలేదని, అడిగి చేయాలని ఆమె వద్ద నేర్చుకున్నాను.

నాకు జ్ఞాపకమున్నంతలో వరుస తప్పకుండా రాశాను. అయినా తప్పులు ఉండవచ్చు. దోర్లవారి సంప్రదాయాన్ని నేను ఒక ఇంటి ముంగిట, ఒక్క పూట చూసి రాశాను. వేరే ఊళ్లలో వేరే విధంగా ఉండవచ్చు, తెలిసినవారు దయచేసి సరిదిద్దగలరు. ఎర్రయ్య మొక్క ఇప్పుడు మనిషిని మించిన చెట్టయిందని, ఇంకా పువ్వు తొడగలేదని నాకు అందిన సమాచారం. ఆ పువ్వు తండ్రి చెట్టు పువ్వంత తీపిగా ఉంటుందో లేదో తెలియకుండానే డాక్టర్ గారు వెళ్లిపోయారు. ఈ సమాచారం పాతబడి, చెట్టు ఇప్పటికే పూసి ఉంటే, అటుగా వెళ్లే పాఠకులు ఒక పువ్వు రుచి చూసి నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. అయితే ముందుగా ఎర్రయ్యను అడిగి తీసుకోవాలి. చెట్టు అతనిది.